చెరువులో మంద

అనంతపురం జిల్లాలో నీళ్ల ప్రస్తావన వస్తే మాటలన్నీ లేని నీళ్ల చుట్టూనే తిరుగుతాయి. అందులో వింతేమీ లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్ముకోలేని వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరు. అయితే జిల్లా పడమటి అంచున ఉన్న కణేకల్ సంగతి కాస్త వేరు. పక్కనుంచి పోయే వేదవతి, ఇక్కడివాళ్ల నోట హగరి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే కనిపిస్తుంది. కానీ హొస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం నుంచి బయల్దేరిన ఎగువ కాలువ, జనం హెచ్చెల్సీ అనే కాలువ, ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. ఆ నీటితో చెరువు నిండుతుంది, కింద వరి పండుతుంది. ఈ కాలువకు ఆంధ్ర వాటా కింద కాగితం మీద 32.5 టీఎంసీలు ఉన్నాయి. డ్యాంలో పూడిక పేరుకుని, ఒకప్పటి 133 టీఎంసీల నిల్వ సుమారు 105కు దిగిపోయింది. దాంతో కాలువ వాటాకూ కోత తప్పడం లేదు. ఇంత కష్టపడి వచ్చిన నీరు చెరువులో చేరాక దానిలో ఏం పెరుగుతోందన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. తూము నోట్లో నాచు చిక్కుకుని, పిల్లకాలువలో నీళ్లు నడక మరిచినప్పుడే అది గుర్తుకొస్తుంది. ఆ నాచును మేసే చేపల్ని చెరువులో వదిలితే సరిపోతుందని ఒక మాట చాలాకాలంగా ఉంది. అందులో నిజం ఉంది. కాకపోతే ఆ చేపను మందులా చల్లితే పని జరగదు, పశువులా మేపాలి. ఈ వ్యాసం చెప్పదలచింది అదే.

ముందు మేతను చూద్దాం. మన చెరువుల్లో నాచు అని పిలిచే మొక్కల్లో ప్రధానమైనది హైడ్రిల్లా. నీళ్లలోంచి ఒక పోగు లాగి అరచేతిలో పరచుకుంటే దారంలాంటి కాడ కనిపిస్తుంది. దానిమీద వేలెడు దూరానికి నాలుగైదు కణుపులు, ఒక్కో కణుపు చుట్టూ నాలుగు నుంచి ఎనిమిది దాకా సన్నని ఆకులు చక్రంలా అమరి ఉంటాయి. ఆకు అంచు మీద వేలు నడిపితే చిన్న రంపంలా గరుకుగా తగులుతుంది. చూడటానికి ఇంత బలహీనంగా ఉన్నా దీని బతుకుతెరువు మాత్రం గట్టిది. పైనుంచి పడే వెలుగులో నూటికి ఒక వంతు అందినా చాలు, అడుగున ఆహారం తయారు చేసుకోగలదు. నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు అయిపోతే బైకార్బనేట్‌ను వాడుకుంటుంది. తెగిన ప్రతి ముక్కా కొత్త మొక్క అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బురదలో బఠాణీ గింజంత గడ్డలు దాచుకుంటుంది. చెరువు ఎండి పైన నేల బీటలు వారినా లోపలి తేమలో ఆ గడ్డల్లో కొన్ని బతికే ఉంటాయి. కాలువ నీళ్లు మళ్లీ రాగానే అవే మొలుస్తాయి. వేరుశనగ చేనులో తుంగగడ్డలతో వేగిన రైతుకు ఈ మొండితనం గురించి ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇంత మొండి మొక్కను వదిలించుకోవడానికి వాడుకలో ఉన్న దారులు రెండు. మొదటిది మనుషుల్ని దింపి తాళ్లతో, కొక్కేలతో లాగించడం. పని కంటికి కనబడుతుంది, కూలీ గిడుతుంది, గట్టు మీద పచ్చటి కుప్ప పడుతుంది. కానీ లాగేటప్పుడు తెగి నీళ్లలో మిగిలిన ముక్కలే మళ్లీ నాటు వేసినట్టు పరుచుకుంటాయి. కొన్ని వారాల్లో చెరువు మొదటికొస్తుంది. రెండోది రసాయనాలు. అవి పనిచేస్తాయి. అయితే అదే నీటిని పశువులు తాగుతాయి, అదే నీరు వరిమళ్లకు పోతుంది. పైగా రాగి ఉన్న మందులు చేపలకు విషం. చచ్చిన నాచు నీళ్లలోనే కుళ్లితే ప్రాణవాయువు తరిగి, తెల్లవారుజామున చేపలు నోరు పైకెత్తి తేలుతాయి. నాచు దట్టంగా బతికి ఉన్న చెరువులోనూ ఇదే ప్రమాదం చిన్న ఎత్తున రోజూ జరుగుతుంటుంది. పగలు ప్రాణవాయువు వదిలే మొక్కే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి నాచును ఒక్కసారిగా చంపడం కాకుండా, పెరిగినదాన్ని పెరిగినట్టు కోసుకుంటూ పోయే ఏర్పాటు కావాలి. కోత ఆగకూడదు, కోసింది నీళ్లలో కుళ్లకూడదు. ఈ రెండు షరతులూ తీర్చేది మేసే జంతువే.

అలాంటి జంతువు గడ్డిచేప. ఆమూరు నది నుంచి దక్షిణ చైనా దాకా ఉన్న పెద్ద నదులు దీని పుట్టిల్లు. చైనాలో దీన్ని చెరువుల్లో పెంచడం వందల ఏళ్ల నాటి విద్య. తాంగ్ వంశపు చక్రవర్తుల ఇంటిపేరు అక్కడి మామూలు కార్పు చేప పేరుతో ఒకేలా పలికేదట. ఆ చేపను పట్టడం, తినడం నిషేధించడంతో జనం గడ్డిచేప, వెండిచేప వంటి వేరే చేపల వైపు మళ్లారని ఒక కథ చెబుతారు. మన దేశానికి గడ్డిచేప 1959లో హాంకాంగ్ నుంచి కటక్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన కేంద్రానికి వచ్చింది. అదే ఏడు వెండిచేప జపాన్ నుంచి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1957 జులై 10న, హీరాలాల్ చౌధురి, ఆలికుంజి ఒడిశాలోని అంగుల్‌లో పిట్యూటరీ గ్రంథి ద్రావణాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి మన కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అదే పద్ధతితో 1960ల మొదట్లో చైనా చేపల చేత కూడా గుడ్లు పెట్టించగలిగారు. అప్పటినుంచి బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వెండిచేప, బంగారుతీగలతో కలిపి గడ్డిచేపను పెంచే మిశ్రమ సాగు దేశమంతా పాకింది. అంటే ఈ చేప మనకు కొత్తది కాదు. కూరగా తెలిసిన చేపే. దాన్ని చెరువు శుభ్రం చేసే పనిలో పెట్టడం గురించే మనం తక్కువ ఆలోచించాం.

ఇది ఎలా మేస్తుందో కాస్త దగ్గరగా చూస్తే మిగతా వాదమంతా తేలికవుతుంది. గడ్డిచేప దవడల్లో పళ్లుండవు. పళ్లు గొంతులో ఉంటాయి, రెండు వరుసలుగా, గాళ్లు పడి దువ్వెనల్లా. పెదాలతో నాచు కొసను పట్టి లాగి, గొంతులోకి తీసుకుని, ఆ పళ్లతో పైనున్న గట్టి దిమ్మకేసి రుద్ది తురుముతుంది. తురిమితేనే లోపలి రసం దక్కుతుంది. ఎందుకంటే ఆకు కణాల గోడను జీర్ణం చేసే ఎంజైము దీనికి సొంతంగా లేదు. ఆవుకు నాలుగు గదుల పొట్ట, ఒంటి పొడవుకు ఇరవై రెట్ల పేగు ఉంటాయి. గడ్డిచేప పేగు ఒంటి పొడవుకు రెండు మూడు రెట్లకు మించదు. తిన్న మేత ఒక పూటలో దాటిపోతుంది, అందులో సగం దాకా అరగకుండానే బయటికొస్తుంది. అందుకే దానికి ఎప్పుడూ ఆకలే. వెచ్చటి నీళ్లలో చిన్న చేప రోజుకు తన బరువంత నాచు తినేయగలదు. చల్లటి దేశాల్లో నీరు పది పన్నెండు డిగ్రీలకు పడిపోతే ఇది మేత మానేస్తుంది. కణేకల్ ఎండకు ఆ చింత లేదు, ఇక్కడి నీరు దానికి ఏడాది పొడుగునా మేతకాలమే. నాచులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే కాబట్టి కిలో బరువు పెరగడానికి సుమారు 30 నుంచి 50 కిలోల పచ్చి నాచు కావాలి. అదే పెంపకందారు లెక్కలో దండుగ మేత, చెరువు శుభ్రం చేసేవాడి లెక్కలో అదే లాభం.

ఇంకో సంగతి కూడా గమనించాలి. సగం అరిగి బయటపడిన ఆ మేత వృథా పోదు. ఈ సీమలో పంటకు ముందు పొలంలో గొర్రెల మంద కట్టించుకోవడం పాత అలవాటు. రాత్రంతా మంద అక్కడే పడుకుంటే పెంటికలు, ఉచ్చ నేలకు బలం. గడ్డిచేప చెరువుకు అదే చేస్తుంది. దాని పెంట నీళ్లకు ఎరువై, దానిమీద సూక్ష్మజీవులు, వాటిమీద బొచ్చె, వెండిచేప బతుకుతాయి. అడుగున పడినదాన్ని ఎర్రమోసు, బంగారుతీగ ఏరుకుంటాయి. కానీ మంద కట్టించే రైతుకు ఇంకో సూత్రం కూడా తెలుసు. ఎన్ని గొర్రెలు, ఎన్ని రాత్రులు, ఏ పొలంలో అన్నది తేల్చుకోకుండా మందను పిలవరు. చెరువు విషయంలో కూడా అలాంటి మూడు ప్రశ్నలకే జవాబు కావాలి.

మొదట, మంద ఏ మేత మేస్తుంది? మేక తినేదాన్ని గొర్రె ముట్టనట్టే గడ్డిచేపకూ ఎంపిక ఉంది. హైడ్రిల్లా, నజాస్, కుచ్చుతోకలా ఉండే సెరటోఫిల్లం, నీటిపై పొట్టులా పరుచుకునే లెమ్నా, అజొల్లా దానికి ఇష్టం. గుర్రపుడెక్క, అంతరతామర, కలువ, తామర, జమ్ము, తూటికాడ దాదాపు ముట్టదు. వేరే దిక్కులేక కొరికినా వాటిని అదుపు చేసేంత తినదు. గుర్రపుడెక్క నిండిన చెరువులో గడ్డిచేపను వదిలితే చేప చిక్కుతుంది, డెక్క పెరుగుతుంది. ఆ మొక్కకు వేరే శత్రువులున్నాయి. దక్షిణ అమెరికాకు చెందిన నియోకెటినా అనే ముక్కుపురుగుల్ని 1980ల మొదట్లో బెంగళూరుకు తెచ్చి, పరీక్షించి వదిలారు. సాల్వీనియా అనే మరో తేలే మొక్కను కేరళ కుట్టనాడు కాలువల్లో తిన్నది సిర్టోబేగస్ అనే అలాంటి పురుగే. పురుగు పనిని చేపకు, చేప పనిని పురుగుకు అప్పగిస్తే డబ్బు నీళ్లపాలు. చేపలతో కలుపు పోదు అని అక్కడక్కడా వినిపించే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే. చేపదేం తప్పు లేదు, మేతే తప్పుగా ఎంచారు.

రెండోది, ఎన్ని? ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. ఒక హెక్టారు కుంటలో చదరపు మీటరుకు రెండు కిలోల చొప్పున పచ్చి నాచు ఉందనుకుందాం. మొత్తం 20 టన్నులు. అరకిలో చేపలు వంద వదిలి, ఒక్కోటి రోజుకు తన బరువులో సగం తింటుందనుకుంటే రోజుకు 25 కిలోలు. నాలుగు నెలల్లో చేప కిలోకు ఎదిగి మేత రెట్టింపైనా మొత్తం నాలుగైదు టన్నులు దాటదు. ఈలోపు నాచు తన పెరుగుదల తాను పెరుగుతూనే ఉంటుంది, వంద చేపల ఉనికే తెలియదు. అదే 300 చేపలైతే పదమూడు టన్నుల దాకా తింటాయి, నాచు వెనక్కి తగ్గడం మొదలవుతుంది. హెక్టారుకు 200 నుంచి 300, అంటే ఎకరాకు వంద అటూ ఇటూ అని మత్స్య నిపుణులు చెప్పే లెక్క ఇలాంటిదే. కానీ వెయ్యి వదిలితే? అప్పుడు మొదటి రెండు మూడు నెలల్లోనే చెరువు అడుగు నున్నగా అవుతుంది, ఆ తర్వాత అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ చిక్కు ఎలా ఉంటుందో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం చూసింది. హ్యూస్టన్ నగరానికి ఉత్తరాన 8,100 హెక్టార్ల కాన్రో జలాశయంలో హైడ్రిల్లా దాదాపు సగం మేర కమ్మేస్తే, 1981 నుంచి మొదలుపెట్టి 2,70,000 గడ్డిచేపల్ని వదిలారు. 1983 చివరికల్లా హైడ్రిల్లా ఒక్కటే కాదు, నీటిలో మునిగి ఉండే మొక్కలన్నీ పోయాయి. పడవలవాళ్లు సంతోషించారు. నీళ్లు మాత్రం తేటగా మారలేదు. అంతవరకు నాచు పట్టి ఉంచుకున్న భాస్వరం, నత్రజని చేపల పెంటగా నీళ్లలోకి విడుదలై, వాటిమీద కంటికి కనబడని పచ్చ పాచి విజృంభించింది. నీటి స్పష్టత తగ్గింది. నాచులో దాక్కుని బతికే చిన్న చేపలు తరిగి, మిగతా చేపల కూర్పే మారింది. గట్టిగా చెప్పాలంటే కంటికి కనిపించే కలుపు పోయి కనిపించని కలుపు వచ్చింది. ఇది గడ్డిచేప వైఫల్యం అనేవాళ్లున్నారు. నిజానికి అది చెప్పిన పనే చేసింది, కాకపోతే ఆ పని ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. ఆపడం మందను తోలినవాడి బాధ్యత. చెరువు విస్తీర్ణంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా నాచు ఉండనివ్వాలని నిపుణులు చెప్పేది అందుకే. ఆ నాచు గట్టును అలల కోత నుంచి కాపాడుతుంది, మట్టిని పట్టి ఉంచుతుంది, దేశీ చేపపిల్లలకు, నీటిపిట్టలకు ఇల్లవుతుంది. హైడ్రిల్లా మనకు పరాయి మొక్క కాదు, ఈ చెరువుల సొంత మొక్కే. దాన్ని పూర్తిగా తుడిచిపెట్టాల్సిన పని లేదు, అదుపులో పెడితే చాలు.

ఇక అసలు అభ్యంతరం, అందరికంటే గట్టిది. పరాయి చేపను మన నీళ్లలో వదలడం ఏమిటి? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేసే హక్కు మనకు లేదు. ఎందుకంటే 1952లో తెచ్చిన మొజాంబిక్ జిలేబి అనుభవం కళ్లముందే ఉంది. ఏ మడుగులోనైనా, ఏడాదికి ఎన్నోసార్లు, నోట్లో గుడ్లు దాచుకుని మరీ పిల్లల్ని పెంచుకునే ఆ చేప ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కడ వల వేసినా పడుతుంది. దాన్ని వెనక్కి పంపడం ఎవరి తరమూ కాదు. గడ్డిచేప మాత్రం అలా పెరగదు. దాని గుడ్లు నీటిలో పూర్తిగా తేలవు, పూర్తిగా మునగవు. పిల్ల బయటికొచ్చే దాకా, అంటే ఒక రోజు పైచిలుకు, ప్రవాహం వాటిని మోస్తూనే ఉండాలి. నీరు నిలిస్తే గుడ్డు బురదలోకి దిగి చచ్చిపోతుంది. నిలవనీటి చెరువులో ఇది పిల్లల్ని కనలేదు. మనం వదిలినన్నే ఉంటాయి, పట్టినన్ని తగ్గుతాయి. మంద అని పిలవడానికి ఇదే అసలు కారణం. దీని సంఖ్య మన చేతిలో ఉంటుంది, జిలేబి సంఖ్య ఎవరి చేతిలోనూ ఉండదు.

అయినా నిశ్చింతగా ఉండకూడదు. చెరువు వేరు, నది వేరు. అమెరికాలో కూడా ఇది ఇక్కడి నదుల్లో గుడ్లు పెట్టదులే అనే ధీమాతోనే మొదలుపెట్టారు. 1963లో తెచ్చారు, కొద్ది ఏళ్లకే తప్పించుకుంది, మిసిసిపీ నదిలో స్థిరపడింది. 2015లో ఈరీ మహాసరస్సులో కలిసే సాండస్కీ నదిలో దాని గుడ్లు దొరికాయి. సోవియట్ కాలంలో తుర్క్‌మెనిస్తాన్‌లోని కారాకుమ్ కాలువలో నాచు తినడానికి వదిలిన గడ్డిచేపలు పని బాగానే చేశాయి. అయితే వెయ్యి కిలోమీటర్లు దాటిన ఆ కాలువ ప్రవాహంలోనే సంతానాన్ని కూడా వృద్ధి చేసుకున్నాయి. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయ సాగునీటి కాలువల్లో హైడ్రిల్లా మీదికి ఇవే చేపల్ని 1985 నుంచి దింపినప్పుడు అక్కడివాళ్లు జాగ్రత్తపడ్డారు. గుడ్డు ఫలదీకరణ చెందిన కొద్ది నిమిషాల్లో గట్టి ఒత్తిడికి గురిచేస్తే చేపకు రెండు సెట్లకు బదులు మూడు సెట్ల క్రోమోజోములు వస్తాయి. అది మామూలుగా మేస్తుంది, పెరుగుతుంది, కానీ పిల్లల్ని కనలేదు. అలాంటి గొడ్డు చేపల్నే, ఒక్కోదాని నుంచి చుక్క రక్తం తీసి కణకేంద్రకం పరిమాణం చూసి నిర్ధారించుకుని మరీ వదిలారు. మన విత్తన కేంద్రాల్లో మామూలుగా దొరికేది గొడ్డు చేప కాదు. కాబట్టి కణేకల్‌కు సూత్రం స్పష్టం. చెరువులో వదలొచ్చు, కాలువలో వదలకూడదు. హెచ్చెల్సీలోకి గానీ, హగరిలోకి గానీ అది చేరే దారి ఉండకూడదు. హగరి పోయి కలిసేది తుంగభద్రలో, తుంగభద్ర కలిసేది కృష్ణలో.

ఇక్కడే కరువు సీమకు ఒక అనుకూలత ఉంది. కోస్తా చెరువులు ఏడాది పొడుగునా నిండి, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. తప్పించుకున్న చేపను వెతకడం అక్కడ గడ్డివాములో సూది వెతికినట్టే. అనంతపురం కుంటలు అలా కాదు. వానాకాలంలో డ్యాం నిండాక కాలువ వస్తుంది, కొన్ని నెలలు నీరు నిలుస్తుంది, వేసవికి మడుగులుగా కుంచించుకుపోతుంది, చాలా కుంటలు పూర్తిగా ఎండుతాయి. ఎండిన కుంటలో చివరి చేపను కూడా చేత్తో ఏరుకోవచ్చు. పొరపాటున ఎక్కువ వదిలినా వచ్చే ఏడాది లెక్క సరిచేసుకునే వీలు ప్రకృతే ఇస్తోంది. తూముకు, మరువకు సన్న కంతల జాలీ కట్టడం, మరువ పారే రోజుల్లో దానికి అడ్డుపడిన చెత్త రోజూ తీయడం, పెద్ద వరదకు మరువ దాటే చెరువుల్లో అసలు వదలకపోవడం: ఈ మూడూ పాటిస్తే తప్పించుకునే దారులు దాదాపు మూసుకుంటాయి. ఇవి పాటించలేని చెరువుకు ఈ చేప వద్దు. జాలీ కట్టే ఓపిక లేనిచోట కూలీలతో నాచు లాగించుకోవడమే మంచిది.

జాలీ అవసరానికి ఇంకో కారణం వరి. గడ్డిచేప లేత వరి పైరును కూడా గడ్డిగానే చూస్తుంది. ఆయకట్టు మళ్లలోకి జారితే నాట్లు కొరికేస్తుంది. అందుకే వరిమడిలో చేపలు పెంచే చోట్ల దీన్ని పైరు ముదిరేదాకా దూరం పెడతారు. చెరువు కింద వరి వేసే కణేకల్ రైతు ఈ భయంతో అడ్డు చెబితే అది మూఢనమ్మకం కాదు, అనుభవం. దానికి జవాబు తూము దగ్గరే ఇవ్వాలి, వాదనలో ఇవ్వలేం.

మూడో ప్రశ్న ఎప్పుడు, ఏ పరిమాణంలో అన్నది. గడ్డిచేప పుట్టగానే గడ్డి తినదు. చిన్నపిల్ల దశలో నీటిలోని సూక్ష్మజీవుల్ని తింటుంది, మూడు సెంటీమీటర్లు దాటాక గానీ ఆకు మీదికి మళ్లదు. కాలువ వచ్చాక బుల్లి పిల్లల్ని తెచ్చి చెరువులో పోస్తే రెండు నష్టాలు. అవి మేత మొదలుపెట్టే సమయానికి నీళ్లు తగ్గుముఖం పడతాయి. అంతకుముందే కొర్రమీను, వాలుగ, కొంగలు వాటిని ఫలహారం చేస్తాయి. లెక్కకు వెయ్యి వదిలినట్టు ఉంటుంది, నీళ్లలో మిగిలేది వందో యాభయ్యో. అందుకే ముందు ఏడాది పిల్లల్ని చిన్న కుంటలో పొదుపు మేతతో ఆపి ఉంచి, జానెడు దాటాక చెరువులోకి దింపాలి. కొల్లేరు ప్రాంతపు పెంపకందారులు జీరో సైజు అని పిలిచే పిల్లల్ని ఇలాగే ఆపి ఉంచి వాడతారు. ఆ విద్య రాష్ట్రంలోనే ఉంది, ఎక్కడినుంచో తేనక్కర్లేదు.

ఇంకో పీటముడి మనుషులది. చెరువులో చేప మత్స్యకారుల సంఘానిది, నీరు ఆయకట్టు రైతులది, గట్టు, తూము ప్రభుత్వానివి. నాచు మాత్రం ఎవరిదీ కాదు. చేప ఎదిగిందని సంఘం ఒకేసారి వల తోడితే నాచు మళ్లీ లేస్తుంది. నాచు కోసం చేపను పట్టొద్దంటే సంఘం కడుపు మాడుతుంది. ఈ రెండింటికీ పొసగదని కొందరంటారు. కానీ చేప శాస్త్రమే ఇక్కడ రాజీ మార్గం చూపుతోంది. చేప పెద్దదయ్యేకొద్దీ ఒంటి బరువుతో పోలిస్తే మేత తగ్గిస్తుంది. కిలో, కిలోన్నర దాటినదాన్ని పట్టి, దాని స్థానంలో జానెడు పిల్లను వదిలితే సంఘానికి కూర దక్కుతుంది, చెరువుకు చురుకైన పళ్లు దక్కుతాయి. పైగా పట్టి బయటికి తీసిన చేపతోనే చెరువులోని ఎరువు కూడా బయటికి పోతుంది. చేప ఒంట్లో వెయ్యికి నాలుగైదు పాళ్లు భాస్వరం, అంటే టన్ను చేప తీస్తే నాలుగైదు కిలోల భాస్వరం చెరువు నుంచి పోయినట్టు. పట్టకుండా వదిలేసిన గడ్డిచేప ఆ భాస్వరాన్ని మొక్క నుంచి నీళ్లలోకి మారుస్తుంది అంతే. కాన్రోలో జరిగింది అదే.

దీనితోపాటు ఒక నిజం ఒప్పుకోవాలి. నాచు రోగం కాదు, రోగ లక్షణం. ఎగువ పొలాల నుంచి దిగే యూరియా, డీఏపీ, ఊరి మురుగు, ఏళ్ల తరబడి పేరుకున్న పూడిక ఉన్నంత కాలం ఏ చేప తిన్నా ఇంకేదో మొక్క లేస్తుంది. గడ్డిచేప బురదలోని గడ్డల్ని తవ్వి తినలేదు కూడా. ఆ పని ఎండాకాలంలో పూడికతీతే చేయాలి. చెరువు మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునే పాత అలవాటు ఒకే దెబ్బకు మూడు పనులు చేస్తుంది: నాచు గడ్డలు పోతాయి, చెరువు లోతవుతుంది, ఇసుక చేలకు సత్తువ వస్తుంది. వేసవిలో మట్టి, వానాకాలంలో మంద అనే వరుస కుదిరితే ఈ చెరువులకు మందుల అవసరం రాదు.

చివరగా, పరాయి చేపే ఎందుకు అన్న ప్రశ్నకు ఇంకా మంచి జవాబొకటి తుంగభద్రలోనే ఉంది. హిప్సెలోబార్బస్ పుల్కెల్లస్ అనే దేశీ కార్పు కృష్ణా, తుంగభద్ర నీళ్ల సొంత బిడ్డ. ఇదీ నీటిమొక్కలు మేసే చేపే. మత్స్య శాస్త్రవేత్తలు దీని ఆహారపు అలవాట్లను 1970ల్లోనే అధ్యయనం చేసి, చెరువుల్లో పెంపకానికి పనికొస్తుందని గుర్తించారు. ఒకప్పుడు తుంగభద్రలో బాగా పడిన ఈ చేప ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉన్న జాతుల జాబితాలో ఉంది. కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థకు బెంగళూరులో ఉన్న ప్రాంతీయ కేంద్రం దీని చేత నది బయట గుడ్లు పెట్టించగలిగింది. గడ్డిచేపంత వేగంగా ఎదగదు, దాని విత్తనం కోరినన్ని దొరకదు. కానీ అది జాలీ దాటి హగరిలోకి పోయినా పుట్టింటికి పోయినట్టే. నాచును మేపడమూ, నదికి తన చేపను తిరిగివ్వడమూ ఒకే ఖర్చుతో జరిగే అవకాశం ఇది. ఈ విత్తనం రైతుకు, మత్స్యకార సంఘానికి అందేదాకా గడ్డిచేపను జాగ్రత్తగా వాడుకుందాం, అందిన రోజున దానికి సెలవిద్దాం.

వచ్చే ఏడు కాలువ రాకముందే చేయదగిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. చెరువులోంచి పిడికెడు కలుపు తీసి చేతిలో పెట్టుకుని చూడండి. సన్నని కాడ, కణుపు కణుపుకూ చక్రంలా ఆకులు ఉంటే చేపపిల్లల కోసం వెళ్లండి, ఎకరాకు వందకు మించకుండా, ముందు జాలీ కట్టి. ఉబ్బిన కాడలు, ఊదారంగు పూలు కనిపిస్తే అది గుర్రపుడెక్క. ఆ చెరువుకు చేపలు కొనొద్దు.